పోలు దొర సమాధికి సైన్‌బోర్డు

కరోనా సద్దుమణిగి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, వినాయక నిమజ్జనం అయిన మర్నాడు, నాకు ఒక చనిపోయిన మనిషి బాధ్యత అప్పగించారు. అప్పుడు నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక విదేశీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ అండ్ ఫెసిలిటీస్ విభాగానికి సీనియర్ మేనేజర్ని. హోదా వినడానికి బాగానే ఉంటుంది. విడమరచి చెప్పాలంటే, ఆ గాజు మేడలో కంప్యూటర్ల లోపల జరిగేది తప్ప మిగతాదంతా నాదే. ఏసీ చల్లదనం నాది, చలేస్తోందన్న ఫిర్యాదూ నాదే. టీ నాది, టీలో చక్కెర నాది, చక్కెర తగ్గించమని ఉద్యోగులకు హితబోధ చేసే పోస్టరు కూడా నాదే. ఓసారి పార్కింగ్‌లోకి పాము వస్తే, అది ఏ కాంట్రాక్టు కిందికి వస్తుందో తేలేలోపు దానికి మా ప్రాంగణంలో మనవలు పుట్టారు.

మా వృత్తిలో ప్రతి పనీ టికెట్‌గా పుడుతుంది. ఎవరికేం కావాలన్నా పోర్టల్‌లో ఒక అభ్యర్థన వేస్తారు. దానికి ఒక విభాగం ఎంచుకుంటారు. ఆ విభాగాన్ని బట్టి పని ఎవరు చేయాలి, ఎవరెవరు ఆమోదించాలి అన్నది యంత్రమే తేల్చేస్తుంది. ఒకసారి ఎంచుకున్న విభాగాన్ని బ్రహ్మదేవుడొచ్చినా మార్చలేడు. నుదుటి రాత రాయడానికి ఆయనకు అనుమతి ఉందేమోగానీ, మా పోర్టల్‌లో లాగిన్ లేదు.

ఆ టికెట్ పోలండ్ నుంచి వచ్చింది. అక్కడ మా కంపెనీకే ఇంకో ఆఫీసు ఉంది. దాని అధిపతి పేరు మారెక్. నవంబరులో హైదరాబాద్ పర్యటనకు వస్తున్నాడు. మా క్యాంపస్ ప్రహరీని ఆనుకుని, నానక్‌రామ్‌గూడ పాత ఊరి వైపు, ఒక చిన్న రాతి చర్చి ఉంది. దాని ఆవరణలో ఇగ్నాసీ జారెంబా అనే పోలండ్ దేశస్థుడి సమాధి ఉందని వాళ్ల ఆఫీసులో చరిత్ర పిచ్చి ఉన్న కొందరు కనిపెట్టారు. జార్ చక్రవర్తి మీద తిరగబడినందుకు అతన్ని సొంత గడ్డ నుంచి వెళ్లగొట్టారు. అప్పటికి పటంలో పోలండ్ అనే దేశమే లేదు, ఇరుగుపొరుగు రాజ్యాలు పంచుకు తినేశాయి. దేశం లేని ఆ మనిషి దేశాలు పట్టి తిరిగి, చివరకు నిజాం కొలువులో చెరువులు కొలిచే పనిలో కుదిరి, ఇక్కడే కలరాతో పోయాడు. ఆయనకు ఆ చర్చిలో మర్యాదగా ఒక స్మారకం పెట్టించాలి, తన పర్యటనలో ఆవిష్కరిస్తాను అన్నది మారెక్ కోరిక.

కోరికలో తప్పేం లేదు. తప్పంతా పోర్టల్‌లో ఉంది. అందులో ప్లంబింగ్ ఉంది, ఫర్నిచర్ ఉంది, క్యాబ్ ఉంది, పురుగుల నివారణ ఉంది. స్మారకం మాత్రం లేదు. హెల్ప్‌డెస్క్ వాళ్లు బాగా ఆలోచించి, రాతలున్న పలక కాబట్టి, దాన్ని సైనేజ్‌లో వేశారు. అంటే లిఫ్ట్ ఇటు, మెట్లు అటు, తడి నేల జాగ్రత్త అనే బోర్డుల జాతిలో. ఒక విప్లవకారుడు ఆ విధంగా నా కిందికి వచ్చాడు.

మొదట చర్చికి వెళ్లాను. విచారణ గురువు, అంటే ఆ చర్చి బాధ్యతలు చూసే ఫాదర్, నాలుగు చర్చిల మధ్య మోటార్‌సైకిల్ మీద తిరిగే మనిషి. స్మారకం అనగానే సంతోషంగా ఒప్పుకుని, మిగతా సంగతులు కరుణమ్మతో మాట్లాడమని చెప్పి బండి స్టార్ట్ చేశాడు. కరుణమ్మ గవర్నమెంటు దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా, ఎదుటివాణ్ణి చూడగానే ఇంజెక్షన్ ఎక్కడ వెయ్యాలా అని వెతికే చూపు పోలేదు. వాళ్ల తాత, తండ్రి అక్కడ ఉపదేశులుగా, ఫాదర్ రాని రోజుల్లో ప్రార్థన నడిపే పెద్దలుగా చేశారు. పోలండ్ నుంచి వచ్చినందుకు ఊరంతా పోలు దొర అని పిలుచుకునే జారెంబా సమాధి బాగోగులు ఆ కుటుంబం చేతుల మీదుగా వస్తున్నాయి.

"పోలు దొరంటే మామూలు మనిషి గాదు సారూ," అని మొదలుపెట్టింది. "వాళ్ల రాజుకు సొంత బామ్మర్ది. దుర్గం చెరువు కాడ పులొస్తే కొలత కర్రతోటి గొట్టి సంపిండు."

నేను కూడా పిట్టంత సంగతిని ఏనుగంత చేసి చెప్పే జాతివాణ్ణే. ఎదురుగా నన్ను మించిన చెయ్యి కనబడేసరికి గౌరవంగా తల వంచాను.

సమాధి చూపించమంటే పిచ్చిమొక్కల్లోకి తీసుకెళ్లింది. ఇటుక, గచ్చుతో కట్టిన పొడవాటి తిన్నె. దాని తలవైపు ఉన్న పేరు రాయి, ఎవరో కేబుల్ కోసం కందకం తవ్వినప్పుడు ముక్కలైపోయిందట. ఏటా నవంబరు మొదట్లో ఆత్మల పండుగకు సమాధులన్నిటికీ సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కరోనా రెండేళ్లు ఎవరూ రాలేదు. సున్నం కొట్టుకుపోయింది, నాచు పట్టింది. మిగతా సమాధులు చర్చి వెనక భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్కటే ముందువైపు, రోడ్డు పక్కన ఉంది.

అసలు చిక్కంతా ఆ రోడ్డుతోనే. లింక్ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దానికి చర్చి ముందు పట్టీ కావాలి. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. సర్వేయరు కాగితం మీద ఏముందో తర్వాత చూస్తాడు, ముందు నేల మీద కళ్లకు కనబడిందే రాసుకుంటాడు. బావి ఉంటే బావి, చెట్టుంటే చెట్టు. సమాధి అని రాస్తే రోడ్డు హద్దు గీత పక్కకు జరుగుతుంది. రాయకపోతే దాని మీదుగా పోతుంది. చర్చి పాత కాగితాలు పై ఆఫీసులో ఎక్కడో ఉన్నాయట, వెతుకుతున్నారట. మా విభాగం అనుభవంతో చెబుతున్నాను, వెతుకుతున్నాం అన్నది ఒక ఉద్యోగం, దానికి పదవీ విరమణ ఉండదు.

"గందుకే రాయి గావాలె," అంది కరుణమ్మ. "సిలువుండాలె. పేరుండాలె. గీడ మనిషిని బొందవెట్టిన్రు అని రాసుండాలె. ఆయనకు దేశం ఒకపారి వొయింది. ఇప్పుడు ఆరడుగుల జాగ గూడ వోతదా?"

పోదని నేను హామీ ఇచ్చాను. సైన్‌బోర్డే కదా, వారం పని అనుకున్నాను.

సైనేజ్ విభాగంలో వేసిన ప్రతి అక్షరాన్నీ ఆమోదించాల్సినవాళ్లు దేశమంతా ఉన్నారని నాకు తెలుసు. తడి నేల బోర్డు కూడా ఆ గంగలో మునిగి లేచిందే. మారెక్ పంపిన వాక్యం సాదాగా ఉంది. ఇగ్నాసీ జారెంబా, తన దేశ స్వేచ్ఛ కోసం పోరాడి వెళ్లగొట్టబడిన రాజకీయ ప్రవాసి, ఇక్కడ నిద్రిస్తున్నాడు. అంతే. దాన్ని అప్‌లోడ్ చేసి టీ తాగి వచ్చేసరికి అభ్యంతరాలు జాతరకు కట్టిన బండ్లలా వరస కట్టాయి.

లీగల్ వాళ్లు రాజకీయ అన్న మాట కొట్టేశారు. కంపెనీ బోర్డుల మీద రాజకీయాలు నిషేధం. పోరాడి అన్నది హింసను ప్రోత్సహిస్తుందేమోనని ఒక సందేహం. జార్ పేరు ఎక్కడా లేకపోయినా, చదివినవాళ్లకు గుర్తొస్తే ఆ వైపు క్లయింట్లు నొచ్చుకుంటారని మరో ముందుచూపు. హెచ్‌ఆర్ వారు వెళ్లగొట్టబడిన అనే మాట చూసి కంగారుపడి, మనిషి సంస్థ నుంచి వెళ్లిపోయాక కారణాలు బయట పెట్టడం మన పద్ధతి కాదన్నారు. సెక్యూరిటీ విభాగం నుంచి వచ్చిన వ్యాఖ్య ఒక్కటే, కానీ ఆణిముత్యం. క్యాంపస్ పరిసరాల్లో నిద్రించడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం.

బెంగళూరు నుంచి బ్రాండ్ విభాగం అమ్మాయి ఫోన్ చేసింది. మంచి పిల్ల, మాట తేనె.

"సర్, టోన్ కొంచెం డల్‌గా ఉంది సర్. డెత్ గురించి అంత డైరెక్ట్‌గా వద్దు."

"సమాధి కదమ్మా. ఆయన పోయాడు."

"కరెక్టే సర్. కానీ పోవడం మీద ఫోకస్ వద్దు. జర్నీ మీద పెడదాం."

సిలువ కూడా వద్దంది, ఏ మతాన్నీ సూచించే గుర్తులు పెట్టకూడదు గనక. చర్చి ఆవరణలో పెట్టే బోర్డమ్మా అన్నాను. అయితే చర్చికి ఆల్రెడీ సిలువ ఉంటుంది కదా సర్ అంది. ఆ వాదనతో బోర్డు మీది సిలువ ఎగిరిపోయింది.

నేను రాసిన మెయిళ్లు అచ్చువేయిస్తే అష్టాదశ పురాణాల పక్కన పెట్టడానికి ఇంకో అల్మారా కావాలి. బతిమాలాను, బెదిరించాను, ఎస్కలేట్ చేశాను. ఎస్కలేషన్ అంటే మన మొర పైఅధికారి చెవిన వేయడం. ఆయన దాన్ని ఇంకా పైకి వేస్తాడు. అది అక్కడెక్కడో చల్లబడి, వానలా మళ్లీ మన నెత్తినే పడుతుంది. చివరికి ఆమోదం పొందిన పాఠం ఇదీ. ఇగ్నాసీ జారెంబా, సరిహద్దులు దాటిన ప్రతిభకు తొలి అడుగు, మా ప్రపంచవ్యాప్త కుటుంబానికి స్ఫూర్తి. కింద కంపెనీ ముద్ర. ఉద్యోగాల పేజీకి తీసుకెళ్లే క్యూఆర్ కోడ్. వెనక నుంచి వెలిగే యాక్రిలిక్ పలక. దానికి తోడు ఒక బాణం గుర్తు. బాణం ఎందుకంటే, టెంప్లేట్‌లో బాణం తప్పనిసరి. అది మా ఫుడ్ కోర్టు వైపు చూపిస్తోంది.

కరుణమ్మ కోరిన మూడింటిలో పేరొక్కటే మిగిలింది.

నేను ఈ అక్షరయుద్ధంలో ఉండగా, బయట ఇంకో ఘోరం నడిచింది. మా దగ్గర కొత్త బోర్డు ఎక్కడ పెట్టినా, దాని చుట్టూ సుందరీకరణ అని ఒక పని దానంతటదే మొదలవుతుంది. పోర్టలే ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరుకు కబురు పంపేస్తుంది. ఆ కాంట్రాక్టరు రాజమండ్రి రాంబాబు. మొక్కంటే ప్రాణం, గ్రానైటంటే అంతకన్నా ప్రాణం. అతనికి అందిన ఉత్తర్వులో బోర్డు పరిసరాలు చదును చేసి, కూర్చునే వసతి కల్పించవలెను అని ఉంది, ఏ బోర్డుకైనా ఉండే మామూలు వాక్యం.

అక్టోబరు ఆఖరు వారంలో ఒక మధ్యాహ్నం కరుణమ్మ ఫోన్ చేసింది.

"సారూ, జర బయటికొచ్చి సూడు."

"ఏమైందమ్మా?"

"దొర మీద కూసొని సమోసాలు తింటున్నరు."

పరుగున వెళ్లాను. పిచ్చిమొక్కల్లేవు. వాటి స్థానంలో పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. సమాధి తిన్నె మీద అద్దంలా మెరిసే నల్ల గ్రానైట్ పలక. దాని పక్కన ఫోన్ చార్జ్ చేసుకునే ప్లగ్. పైన మా కుర్రకారు టీ కప్పులతో, లాప్‌టాప్‌లతో, తోరణం కట్టినట్టు కూర్చున్నారు. వాళ్లను అని లాభం లేదు. ఆ గాజు అడవిలో ఏమీ కొనకుండా ఊరికే కూర్చోవడానికి దొరికిన మొదటి చోటు అదే. ఒకమ్మాయి పాపం కాళ్లు పైకి పెట్టుకుని వాళ్లమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతోంది. వెనక కరుణమ్మ నిలబడి ఉన్న తీరు చూసి ఆ తల్లే అవతల నుంచి, ఒసేయ్ ముందు లేవవే అని అరిచింది.

రాంబాబును పిలిపించాను. అతనికి తప్పు అర్థం కావడానికే చాలాసేపు పట్టింది.

"ఎత్తు సరిగ్గా కూర్చునే ఎత్తండీ, పొడుగు ముగ్గురికి సరిపోద్దండీ. దేవుడిచ్చిన బెంచీలా ఉంటే వదిలేస్తే పాపం కాదటండీ!"

"అయ్యా, అది సమాధి."

"అయ్యబాబోయ్! మరి ఎక్కడా రాయలేదేంటండీ?"

కరుణమ్మ అతని వంక చూడలేదు. నా వంక చూసింది. "రాయి వెట్టుమంటే బండవెట్టినవా సారూ?" అంది. నా సర్వీసులో చాలామంది నన్ను చాలా అన్నారు. ఇంత పొదుపుగా ఎవరూ అనలేదు.

గ్రానైట్ తీసేయమని అక్కడికక్కడే చెప్పాను. రాంబాబు చేతులు నలిపాడు. పని అప్పగింత అయిపోయింది, ఫైనాన్స్ వాళ్లొచ్చి పలక అంచున ఆస్తి నంబరు స్టిక్కరు కూడా అంటించి వెళ్లారు. అదొక లక్ష్మణరేఖ. స్టిక్కరు పడిన వస్తువును పగలగొట్టాలన్నా, పారేయాలన్నా స్క్రాప్ అనుమతి కావాలి. అడిగితే, కొత్త వస్తువును తుక్కు అనడానికి వీల్లేదు, కొంతకాలం వాడి అరిగిపోనివ్వండి అన్నారు. అరిగేది బెంచీ కాదు బాబూ, కింద ఉన్నాయన అన్నాను. ఆ విషయం టికెట్‌లో రాయమన్నారు.

ఆత్మల పండుగకు ముందురోజు సర్వేయరు యాదగిరి వచ్చాడు. చేతిలో టేపు, సంచిలో ఎర్ర రంగు డబ్బా. మనిషి మంచివాడు, ఎండలో తిరిగి తిరిగి విసిగిపోయినవాడు. చర్చి ముందు నిలబడి చుట్టూ చూశాడు.

"సమాధున్నదని అర్జీ వెట్టిన్రు. యాడున్నది?"

"నీ పక్కనే ఉన్నది," అంది కరుణమ్మ.

అతను పక్కకు చూశాడు. "గిదా? గిది బెంచీ గదమ్మా. నంబరు గూడున్నది."

"బెంచీ కింద మనిషున్నడు."

"ఏ మనిషి? పేరేడ? సిలువేడ?" గోడవారగా నీలం గుడ్డ కప్పి సిద్ధంగా ఉన్న మా బోర్డు అతనికి కనబడింది. గుడ్డ అంచు ఎత్తి చదివాడు. చదివి, బాణం వంక చూసి, నా వంక చూశాడు. "సారూ, గిండ్ల మనిషి సచ్చినట్టు యాడున్నది? నౌకరీలున్నయని గోడలకు అతికిచ్చే ఇష్తిహార్ లెక్కున్నది."

నేను నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు. "నన్ను పరేషాన్ జెయ్యకుండ్రి. నాకు కనబడ్డదే రాస్త. లేనిది రాస్తే నా నౌకరీ వోతది. ఇయ్యాల అవతలి లైను జూస్కుంట. రేపు పొద్దుమీకే యాలకు గీడ గీత గీస్త. రేపటికి గిది సమాధి లెక్క కనబడితే సమాధని రాస్త. బెంచీ లెక్క కనబడితే బెంచీ."

అంతకన్నా న్యాయమైన మాట ఆ నెలన్నరలో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంకా మండింది.

మర్నాడు ఒకవైపు ఆత్మల పండుగ, ఇంకోవైపు మారెక్ రాక. పెద్ద అతిథి వచ్చే రోజున అడ్మిన్ మేనేజరు స్థితి పెళ్లికూతురి తండ్రిది. ఉదయం నుంచి ఫైనాన్స్ వాళ్లతో ఫోన్లో గొంతు చించుకుంటూనే, పూలగుత్తులు, శాలువాలు చూసుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత, అతిథి ఉన్న అంతస్తులోనే టీ రాలేదని కబురొచ్చింది. పాంట్రీకి వెళ్తే మనిషి లేడు. లిఫ్టు దగ్గర మనిషి లేడు. హౌస్‌కీపింగ్ గదిలో బకెట్లు కూడా లేవు. ఆఖరికి రెండో గేటు దగ్గర సెక్యూరిటీ కుర్చీ మాత్రమే విధుల్లో ఉంది. ఏం జరిగిందో తెలియక మళ్లీ పైకొచ్చి, కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. నా సిబ్బంది సగం, నీలం యూనిఫారాల్లో, నా బకెట్లతో, చర్చి ఆవరణలో ఉన్నారు.

నేను దిగి వెళ్లేసరికి రాంబాబు చేతిలో గునపం ఉంది. అతని వెనక కరుణమ్మ ఉంది. గునపం అతని చేతికెలా వచ్చిందో చెప్పనక్కర్లేదు.

"ఆగండి! అది పగిలిందంటే నా ఉద్యోగం పగులుతుంది."

"ఎవరు వలగ్గొడుతున్నరు బిడ్డా?" అంది కరుణమ్మ. "సుతారంగ లేపి అవతల వెడుతున్నం. నీ బెంచీ నీకే."

అప్పుడు వెలిగింది నాకు. పగలగొడితే స్క్రాప్. పారేస్తే స్క్రాప్. కానీ ఉన్నచోటి నుంచి పక్కకు జరిపితే దాన్ని మా భాషలో అసెట్ మూవ్‌మెంట్ అంటారు. కుర్చీలూ బల్లలూ ఒక గది నుంచి ఇంకో గదికి మార్చడం లాంటిది. దానికి సీనియర్ మేనేజరు సంతకం ఒక్కటే చాలు. అంటే నేనే చాలు. నెలన్నర నుంచి దేశంలోని నగరాలన్నిటి కాళ్లూ పట్టుకున్న నేను, ఆ క్షణం దాకా నా చేతిలోనే ఉన్న ఈ చిన్న అధికారాన్ని చూడనే లేదు. ఫోన్లోనే ఆమోదం నొక్కాను. నా పర్యవేక్షణలో నలుగురు పలకను లేపి, స్టిక్కరు చిరగకుండా, మా ప్రహరీకి ఆనించారు.

కింద తిన్నె బయటపడింది, రాంబాబు సిమెంటు మరకలతో. తర్వాత జరిగినదానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేకపోయింది. ఆ చర్చికి వచ్చే కుటుంబాలవాళ్లలో చాలామంది మా దగ్గరే తుడిచేవాళ్లు, కడిగేవాళ్లు, కాపలా కాసేవాళ్లు. వెనక ఉన్న తమ సమాధులకు పొద్దున్నే సున్నం వేసుకున్నారు. మిగిలిన సున్నం ఇక్కడికి తెచ్చారు. పొరక కుంచెలతో ఒక పూత, ఆరకముందే రెండో పూత. తలవైపు గచ్చు మీద కరుణమ్మే నీలం కలిపిన సున్నంతో సిలువ గీసింది. బంతిపూలు పడ్డాయి. వనపర్తి వైపు నుంచి వచ్చిన మా గేటు కాపలాదారు, హిందువే, ఊరుకోలేక కొబ్బరికాయతో తయారయ్యాడు.

"కాయ గొట్టకు బిడ్డా, దొరకు అలవాటు లేదు," అని కరుణమ్మ ఆపింది. "ఊదుబత్తీలు ముట్టియ్యి, ఏమనడు."

ఈలోపు మారెక్, వెనక మా డైరెక్టర్లు, ఫొటోలు తీసేవాళ్లు వరసగా వచ్చేశారు. కార్యక్రమం ప్రకారం అతిథి నేరుగా బోర్డు దగ్గరికి రావాలి, తాడు లాగాలి, చప్పట్లు కొట్టాలి. అతను బోర్డును దాటి సమాధి దగ్గరికి వెళ్లిపోయాడు. కొవ్వొత్తుల పెట్టె చూసి ఒకటి అడిగి తీసుకున్నాడు. తడి సున్నంలో మోకాళ్లు ఆన్చి వెలిగించాడు. తమ దేశంలో కూడా ఈ రోజుల్లో ఊళ్లకు ఊళ్లు శ్మశానాల్లోనే ఉంటాయని, వాళ్లమ్మ ఈసారి ఒంటరిగా వెళ్తోందని నాతో చెప్పాడు. సూటు మోకాళ్ల మీద తెల్లటి మచ్చలు చూసి మా డైరెక్టరు నన్ను చూసిన చూపుకు అర్థం, ఇది కూడా అడ్మిన్ వైఫల్యమే అని.

కరుణమ్మ అతిథికి దొర చరిత్ర చెప్పింది. అనువాదం నా నెత్తిన పడింది. రాజుగారి బావమరిది, చెరువు, కొలత కర్ర, పులి అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పరదేశి అతిథి ముందు ఒక్క పులేమిటని, నా తరఫున ఇంకో పులిని కలిపాను. మారెక్ ఎంతో శ్రద్ధగా విన్నాడు.

ఇక తప్పదు కాబట్టి తాడు లాగారు. నీలం గుడ్డ జారింది. పొద్దు గుంకకముందే లైట్లతో బోర్డు ధగధగా వెలిగింది. మారెక్ చదివాడు. మళ్లీ చదివాడు. ఇది ఎవరు రాశారని నన్ను మెల్లగా అడిగాడు. ఎవరూ రాయలేదండీ, అందరూ కొట్టేయగా ఇది మిగిలింది అన్నాను. బాణం దేనికి అన్నాడు. ఫుడ్ కోర్టుకు అన్నాను. బాణం చూపిన దిక్కుకు ఓసారి తల తిప్పి చూశాడు. తర్వాత, ఏమీ అనుకోకపోతే గుడ్డ మళ్లీ కప్పేయగలరా అని మర్యాదగా అడిగాడు. ఆవిష్కరణకు వచ్చిన అతిథి ముసుగు తిరిగి వేయమనడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ దానికి కూడా ఫొటో తీశాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

సరిగ్గా అప్పుడే యాదగిరి ఎర్ర రంగు డబ్బాతో గేట్లోకి వచ్చి ఆగిపోయాడు. తెల్లటి సమాధి, పూలు, పొగ, వెలుగుతున్న కొవ్వొత్తులు. చుట్టూ యూనిఫారాల జనం. వాళ్ల మధ్య మోకాళ్ల దాకా సున్నమైన ఒక విదేశీయుడు.

"ఏమంటవు ఇగ?" అని కరుణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "బెంచీయేనా?"

"ఊకో అమ్మా," అన్నాడు యాదగిరి. "ఇందరు మొక్కుతుంటే బెంచీ అని రాస్తనా? నాకేమన్న పిచ్చా?"

టేపు విప్పాడు. సమాధి అంచు నుంచి కొంత దూరం వదిలి రోడ్డు వైపు నేల మీద ఎర్రగీత గీయబోయాడు.

"జర అవతలికి గియ్యి బిడ్డా," అంది కరుణమ్మ. "దొర కాళ్లు పొడుగు."

యాదగిరి నా వైపు చూశాడు. రెండు పులుల్ని చంపిన మనిషి కదా, పొడుగే అయ్యుంటాడు అన్నాను. అతను ఏమనుకున్నాడో, గీతను ఇంకో అడుగు అవతలికి జరిపాడు.

లింక్ రోడ్డు ఇప్పుడు ఆ చర్చి ముందు కొద్దిగా వంపు తిరుగుతుంది. అక్కడ బ్రేకు వేయాల్సి వచ్చిన ప్రతి క్యాబ్ డ్రైవరూ ఇంజినీర్లను తిట్టుకుంటాడు. సమాధి తలవైపు చర్చివాళ్లే షాబాదు బండ మీద చెక్కించిన రాయి నిలబెట్టారు. సిలువ ఉంది, పేరుంది. మారెక్ మొదట పంపిన వాక్యం ఒక్క మాట పోకుండా తెలుగులో, వాళ్ల భాషలో ఉంది. పులి సంగతి చేర్చమని కరుణమ్మ పట్టుబట్టింది గానీ ఫాదర్ ఒప్పుకోలేదు.

అడ్మిన్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ ఉదంతం నుంచి నేను చెప్పగలిగేది కొంతే. ఒక కట్టడాన్ని ముట్టుకునే ముందు అదేమిటో పోర్టల్‌ని అడగొద్దు. దానికి ఏటా సున్నం వేసేదెవరో కనుక్కుని వాళ్లను అడగండి. రెండేళ్లు సున్నం ఆగితే సమాధి బెంచీ అయింది. ఒక్క మధ్యాహ్నం సున్నం పడితే మళ్లీ సమాధి అయింది. రాయి, బోర్డు, నంబరు తర్వాతి మాట. ఆ ఏడాది తర్వాత, నేను ముందస్తు విరమణ తీసుకునే వరకు, మా వార్షిక నిర్వహణ ప్రణాళికలో అక్టోబరు చివరి వారానికి ఒక పని చేర్పిస్తూ వచ్చాను. బయటి గోడకు సున్నం, రెండు పూతలు. సమాధి అని రాసి ఉంటే ఆమోదానికి దేశమంతా కూర్చునేది. గోడ అని రాశాను గనక ఎవరూ చదవలేదు.